ఇంటిచదువునకు ఊరిబడి తలుపు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



1822వ సంవత్సరమున మద్రాసు గవర్నరుగా నున్న సర్ థామస్ మన్రో తన పాలనలోని జిల్లా కలెక్టరు లందరికిని ఒక ఉత్తరువు పంపెను. జిల్లాలో బడులెన్ని కలవు, వానిలో చదువుకొను పిల్లలెందరు, వారేయే కులములవారు, ఏమేమి చదువుచున్నారు అను వివరములను తెలుపవలెనని దాని సారాంశము. మరుసటి యేట గుంటూరు కలెక్టరు పంపిన జాబులో 574 బడులును, 7,724 మంది పిల్లలును లెక్కకు వచ్చిరి. ఆ జాబులో మరియొక సంగతి కలదు. ధర్మశాస్త్రము, జ్యోతిషము మొదలగు పెద్ద చదువులకు ఈ జిల్లాలో సర్కారు పోషించు కళాశాల ఒక్కటియు లేదనియు, అయినను 171 చోట్ల 939 మంది విద్యార్థులకు పండితులు తమంతట తామే, జీతము పుచ్చుకొనక, ఆ శాస్త్రములను చెప్పుచున్నారనియు, వారిలో పెక్కుమందికి మాన్యపు భూములే జీవనాధారమనియు అందులో వ్రాయబడినది. మద్రాసు నగరపు లెక్క ఇంకను విచిత్రము. అచట బడికి పోవువారు 5,523 మంది కాగా, ఇంటి యొద్దనే చదువు నేర్చువారు 26,963 మంది అని కలెక్టరు తెలిపెను.

ఇంటిచదువు పాశ్చాత్య దేశములనుండి వచ్చిన క్రొత్త వేడుక యని తలచువారు ఈ అంకెలను ఒకమారు చూడవలెను. బడి కంటె ఇల్లే పెద్ద పాఠశాలగా నున్న కాలము ఈ దేశమున నడచినది. అయితే ఆ ఇల్లు ఎవరి ఇల్లు? పండితుని యిల్లు, కరణము గారి యిల్లు, వర్తకుని యిల్లు. నాగలి పట్టినవాని యింట, మగ్గము నేసినవాని యింట, ఊరి వెలుపల నివసించినవాని యింట చదువు చెప్పుట కెవరును లేకుండిరి. గుంటూరు లెక్కలోనే ఆడపిల్లల సంఖ్య బహు స్వల్పము. ఇంటిచదువును పొగడువారు మరచిపోరాని విషయ మిది. ఇల్లు ఎంత చదువుకొన్నదో అంత చదువే అందులోని బిడ్డకు దక్కును. ఆ హద్దును దాటించుటకే ఊరుమ్మడి బడి పుట్టినది.

నేడు ఈ పత్తి, మిరప పొలముల నడుమ బడికి పోక ఇంటి యొద్దనే చదువువారు, లేక చదువదలచినవారు, ఎవరెవరు? బడిపాఠము తృప్తినీయక పిల్లలకు తామే చెప్పుకొనదలచిన విద్యావంతులైన తల్లిదండ్రులు పట్టణములలో కొందరు బయలుదేరుచున్నారు గాని, పల్లెలలో వారు అరుదు. ఇచటి ఇంటిచదువు వేరు. ఏడవ తరగతితోనో ఎనిమిదవ తరగతితోనో బడి మాని, పెండ్లియై, బిడ్డల తల్లియైన తరువాత తిరిగి పుస్తకము పట్టిన కోడలు ఒకరు. కాళ్లు కదలక మంచమునకే అంటిపెట్టుకొనియున్న బాలుడు ఒకరు. పదవ తరగతి తప్పి, పురుగుమందుల దుకాణములో పనికి కుదిరిన యువకుడు ఒకరు. "ఇక బడి యెందుకు, ప్రైవేటుగా కట్టింతములే" అని ఇంటివారు మాన్పించిన బాలిక ఒకరు. వీరందరిని ఒకే గాటను కట్టరాదు. మొదటి ముగ్గురికి ఇంటిచదువు ఒక మెట్టు. నాల్గవ యామెకు అది గోడ యగుటకే అవకాశ మెక్కువ. ఈ భేదమును విడమరచుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ఇంట చదివినవారికి తలుపు తెరచు ప్రయత్నమునకు ఈ గుంటూరు నేలపైనే మంచి పరంపర కలదు. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరున శారదానికేతనమును స్థాపించిరి. ఇంటి నాలుగు గోడల నడుమ అక్షరములు నేర్చినవారు, బాల్యముననే వైధవ్యము పొంది ఏ బడికిని పోలేనివారు అచటికి వచ్చి చదువుకొనిరి. వయస్సు మించినదను మాట అచట అడ్డు కాలేదు. తరువాత దుర్గాబాయమ్మ చరిత్ర తెలియని తెలుగువారు లేరు. ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెరసాలలు చూచి వచ్చిన పిదప ఆమె ఇంటి యొద్ద చదువుకొని కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణురాలయ్యెను. తాను పడిన శ్రమ ఇతర స్త్రీలు పడరాదని మద్రాసులో ఆంధ్ర మహిళాసభను స్థాపించి, అదే పరీక్షకు స్త్రీలకు శిక్షణ యిప్పించెను. ఆమె తొలి అధ్యక్షురాలుగా 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, 1958నుండి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమును దేశమంతట నడిపినది. ఏండ్ల తరబడి సాగు బడిచదువును రెండేండ్లలోనికి కుదించి, పెద్దవయసు స్త్రీని పరీక్షకు సిద్ధపరచుట దాని పద్ధతి. ఒక్కరు ఇంటిలో పడిన పాటు వేలమందికి బాటయైన సందర్భములు విద్యాచరిత్రలో అంత తరచుగా కానరావు.

అయితే ఇవన్నియు దాతలును, సంఘసేవకులును తెరచిన తలుపులు. సర్కారు బడియే తన గదిని, తన ఉపాధ్యాయుని ఇంటిచదువరికి ఇచ్చుట తరువాతి కాలపు సంగతి. 1979లో కేంద్ర మాధ్యమిక విద్యామండలి ఒక చిన్న ప్రయోగముగా సార్వత్రిక పాఠశాలను ఆరంభించెను. అదియే 1989లో జాతీయ సంస్థగా రూపొందినది. అంతకు ముందే, 1982లో, హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది; దేశమున అట్టి విశ్వవిద్యాలయములలో మొదటిది. నేడు దానికి డాక్టరు అంబేద్కరు పేరు. ఒక్క బడి మెట్టు ఎక్కనివాడైనను ప్రవేశపరీక్షలో నెగ్గి డిగ్రీ చదువుటకు అది వీలు కల్పించెను. తరగతులకై ఊరూర క్రొత్త భవనములు కట్టక, ఉన్న కళాశాలల గదులనే సెలవు దినములలో వాడుకొనెను. ఈ తెలివి చిన్నది కాదు. బడిగది ఆదివారము ఖాళీగా నుండును. ఇంటిచదువరికి ఆదివారమే తీరిక. ఈ రెండింటిని కలిపినచో సగము పని ముగిసినట్లే.

అదే తెలివితో 1991లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠము ఏర్పడినది. ఊరివారు దీనిని ఓపెన్ స్కూలు అందురు. పదవ తరగతి పాఠ్యక్రమము 2008-09లోను, ఇంటర్మీడియట్ 2010-11లోను ఆరంభమయ్యెను. 14 ఏండ్లు నిండినవారు పదవ తరగతికి చేరవచ్చును. పై వయఃపరిమితి లేదు. ఒకసారి చేరిన తరువాత ఐదేండ్లలోపల, విషయములను ఒక్కటొక్కటిగా తీర్చుకొనుచు, తొమ్మిది పర్యాయములు పరీక్ష వ్రాయవచ్చును. ఈ ఏర్పాటు పత్తిచేను పని తెలిసినవాడు చేసినట్లున్నది. కాయకోత ముమ్మరముగా నున్న నెలలలో పరీక్ష తప్పిపోయినవాడు మరల ఓనమాలనుండి మొదలిడ నక్కరలేదు. అధ్యయన కేంద్రములు చాలవరకు ఉన్నత పాఠశాలలలోనే కలవు. ఆదివారములందును, సెలవు దినములందును అచటి ఉపాధ్యాయులే పాఠములు చెప్పుదురు. వారమంతయు బాలురు కూర్చున్న బల్లమీదనే ఆ దినమున ముప్పది యేండ్ల తల్లి కూర్చుండును.

వ్రాతలో ఇంత చక్కగా నున్న ఏర్పాటు నడతలో ఎట్లున్నది? పేరు వ్రాయించుకొని, పుస్తకములు తీసికొని, మరల పరీక్షనాడు మాత్రమే కనబడువారు కలరు. ఆదివారము తరగతికి రమ్మనిన, "చదువు రాకనే గదా ప్రైవేటుగా కట్టినది, మరల బడి యెందుకు?" అని అడుగువారును కలరు. వారిని నిందించి ప్రయోజనము లేదు. గుంటూరు మిరప యార్డు పరిసరములలో తొడిమలు తీయు స్త్రీ దినమెల్ల ఆ ఘాటులో కూర్చుండి, ఆదివారమున బట్టలుతుకుకొనవలెనా, బీజగణితము వినవలెనా? ఒక్కొక్క ఊరికి కేంద్రము లేదు. బస్సెక్కి పోవలెను. పోయిన దినమున తలుపు తాళము వేసియున్నచో మరల ఆ త్రోవ త్రొక్కదు. ఒకమారు మూసియున్న బడి చేయు చెరుపు, పదిమారులు తెరచియున్న బడి చేసిన మేలును తుడిచివేయును.

ఇక అసలు చిక్కునకు వచ్చుట మంచిది. ఓపెన్ స్కూలు తలుపు 14 ఏండ్లకు గాని తెరచుకొనదు. అంతకు లోబడిన బాలబాలికలకు చట్టము వేరొక మాట చెప్పుచున్నది. 2002లో రాజ్యాంగమునకు 86వ సవరణ జరిగినది. దాని ననుసరించి 2009లో విద్యాహక్కు చట్టము వచ్చి, 2010 ఏప్రిలు 1వ తేదీన అమలులోనికి వచ్చెను. ఆరునుండి పదునాలుగేండ్ల వరకు పొరుగుబడిలో ఉచితముగా చదువుట బిడ్డ హక్కు. బిడ్డను బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధి. చేర్పని తల్లిదండ్రులకు ఆ చట్టము శిక్ష విధింపలేదు. ఇంటి యొద్ద చెప్పుకొనువారిని గూర్చి మొదట అది ఏమియు పలుకలేదు. 2012లో చేసిన సవరణ ఒక్క తరగతి పిల్లలకు మాత్రము ఇంటిచదువును హక్కుగా గుర్తించినది: తీవ్రమైన అంగవైకల్యము గలవారు, ఒకటికి మించిన వైకల్యములు గలవారు. వారు కోరినచో బడిచదువు వారి యింటికే రావలెను.

ఈ ఒక్క విషయమున బడికిని ఇంటికిని నిజమైన పొత్తు కుదిరినదని చెప్పవచ్చును. ఆంధ్రదేశమున మండలములందు భవిత కేంద్రములని కలవు. వానిలోని ప్రత్యేకోపాధ్యాయులు కేంద్రమునకు రాగలిగిన పిల్లలకు అచటనే పాఠము, శారీరక చికిత్స ఏర్పాటు చేయుదురు. రాలేనివారి ఇండ్లకు తామే పోవుదురు. బిడ్డ పేరు బడి పట్టికలోనే యుండును. ఉపాధ్యాయుడు పోవునది వారమున కొన్ని గంటలే యైనను, ఆ గంటలలో తల్లికి నేర్పిపోయినది తక్కిన దినములన్నియు జరుగును. చెంచా పట్టుకొనుట మొదలు అక్షరము గుర్తించుట వరకు తల్లియే అచట రెండవ ఉపాధ్యాయిని. బడియందలి పెద్దలు తల్లిని గురువుగా అంగీకరించిన చోటు ఇంకొకటి వెదకినను దొరకదు. ఇట్టి బిడ్డ తమ యింట నుండియు, నలుగురిలో చెప్పుటకు వెనుదీయు కుటుంబములు ఊళ్ళలో ఇంకను కలవు. ఆ బిడ్డకు బడి యింటికి వచ్చుట దయ కాదు, హక్కు.

తక్కిన పిల్లల మాట వేరు. 1979-80లో కేంద్ర ప్రభుత్వము అనియత విద్యయను పథకమును ఆంధ్రప్రదేశముతో సహా విద్యలో వెనుకబడిన రాష్ట్రములలో ఆరంభించెను. పగలు పనికి పోవు పిల్లలకు సాయంకాలమో రాత్రియో రెండు గంటలు చదువు చెప్పుట దాని పద్ధతి. ఉద్దేశము మంచిదే. కాని పర్యవసాన మేమి? పగటి పని పగటి పనిగానే నిలిచిపోయెను. దీపము వెలుగున కునికిపాట్లు పడు బిడ్డకు అక్షరము తలకెక్కునా? 1991నుండి రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను ఈ పద్ధతిని ఖండించి, బడిలో లేని ప్రతి బిడ్డయు పనిలో నున్న బిడ్డయే యని వాదించినది. పొలములలోని పిల్లలను శిబిరములకు తెచ్చి, కొన్ని నెలలు చదువు నేర్పి, ఈడుకు తగిన తరగతిలో పగటి బడికే పంపెను. ఈ కృషికి నాయకత్వము వహించిన శాంతాసిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. ఈడుకు తగిన తరగతిలో చేర్చుకొని వెనుకబడిన చదువును ప్రత్యేకముగా నేర్పవలెనను నియమము తరువాత విద్యాహక్కు చట్టములోను చోటు చేసికొన్నది.

ఆ వాదము ఈ సీమకు మరింత వర్తించును. పత్తితీతలు, మిరపకోతలు వచ్చినవనిన కర్నూలు పడమటి మండలములనుండి కుటుంబములకు కుటుంబములే మూటాముల్లెతో ఇటు కదలివచ్చును. పిల్లలు చేనిగట్టున చంటివారిని ఆడించుచు, కొంచెము ఎదిగినవారు తామును కాయ కోయుచు, నెలల తరబడి ఇచటనే ఉందురు. వారి పేరు సొంత ఊరి బడిలో నుండును. మనిషి గుంటూరు మిరపచేనిలో నుండును. ఆ బిడ్డ యెదుట నిలిచి "ఇంటి యొద్ద చదువుకొనుము" అనుట ఎంత క్రూరమో ఆలోచింపుడు. ఇల్లే లేనివానికి ఇంటిచదువు ఎక్కడిది? ఆ బిడ్డకు కావలసినది, కోతలున్నన్ని నాళ్లు చేను పొరుగుననే యున్న బడిలో ఒక చోటు. ఏడాది నడుమ వచ్చినను, కాగితము లేకున్నను బడిలో చేర్చుకొనవలెనని చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. చేనిగల ఆసామి వేకువనే కూలీలను ట్రాక్టరుమీద తెచ్చుకొనును గదా. అదే ట్రాక్టరు పిల్లలను బడి వాకిట దింపిపోవుట పెద్ద పని కాదు.

పరదేశపు ఏర్పాటు ఒకటి ఇచట చెప్పదగియున్నది. తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడిన సియాటిల్ నగరము అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున కలదు. ఆ రాష్ట్రము 1985లో ఇంటిచదువును చట్టబద్ధము చేసినది. తల్లిదండ్రులు ఏటేట తమ ఉద్దేశమును విద్యాధికారులకు వ్రాతమూలకముగా తెలుపవలెను. బిడ్డ యింట చదువుచున్నను, ఒకటి రెండు విషయములకు పొరుగున నున్న సర్కారు బడికి పోవచ్చును. చదివిన గంటల మేరకు బడికి రాష్ట్రపు ధనము లభించును. కొన్ని బడులు ఇంతకు మించి, తల్లిదండ్రులతో పొత్తు తరగతులను నడపుచున్నవి. బిడ్డ కొన్ని దినములు ప్రయోగశాలకో చిత్రలేఖనమునకో బడికి వచ్చును, తక్కిన దినములు ఇంట చదువును. ఏమి చదువవలెనో ముందుగా కాగితముపై వ్రాసికొందురు. దానికి బాధ్యుడు అర్హతగల ఉపాధ్యాయుడే. ఇట్లు పూర్తిగా పొత్తులో చేరిన బిడ్డను అచటి చట్టము ఇంటిచదువరిగా గాక సర్కారు బడి విద్యార్థిగానే లెక్కించును. బిడ్డ ఎవరి బాధ్యతయో పట్టికలో తేటగా నుండవలెనని వారి ఆలోచన. ఈ ఒక్క నియమము గ్రహింపదగినది. తక్కినవన్నియు సంపన్న దేశపు సౌకర్యములు. వానిని ఉన్నవి ఉన్నట్లు ఇటకు తెచ్చుట వృథా ప్రయాస.

బిడ్డ పేరు బడి పట్టికలో నున్నంత వరకు వాడు కనబడకపోయిన దినమున అడుగువారుందురు. పేరు కొట్టివేసి "ఇంట చదువుచున్నాడు" అని వ్రాసినచో అడుగుటకు ఎవరికిని అధికారము లేదు. బాలిక విషయమున ఈ భయము మరీ యెక్కువ. పదమూడవ యేట బడి మాన్పించి, పదునాల్గవ యేట ఓపెన్ స్కూలున పేరు వ్రాయించి, పదునైదవ యేట పెండ్లిపత్రికలు పంచు ఇండ్లు లేకపోలేదు. ఓపెన్ స్కూలు పుట్టినది బడి తప్పినవారికి గాని, బడి తప్పించుటకు కాదు. ఊరి పెద్దలును, బడి యాజమాన్య సంఘమువారును ఈ విషయమున మొగమాట పడరాదు.

గ్రంథాలయమునకు ఇందులో పని యేమని కొందరు అడుగవచ్చును. తెలుగు గ్రంథాలయోద్యమము ఎన్నడును చదువరి వచ్చువరకు కాచుకొని కూర్చుండలేదు. 1935లో పాతూరి నాగభూషణము గారి పూనికతో గుంటూరు జిల్లా కాలువపై పుస్తకములు పడవ యెక్కి ఊరూర తిరిగినవి. 1918లో వేటపాలెమున పుట్టిన సారస్వత నికేతనమునకు ఎంత దూరమునుండి పరిశోధకులు వత్తురో తెలిసినదే. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను వసూలగుచున్నది. ఆ పన్ను బడికి పోవువాని యింటినుండియు వచ్చును, పోనివాని యింటినుండియు వచ్చును. కావున ఇంటిచదువరికి ఈ పఠన మందిరమున బల్ల యడుగుటకు పూర్తి హక్కు కలదు.

చేయదగిన పనులు చిన్నవి. ఓపెన్ స్కూలు పాఠ్యపుస్తకములు ఒక్కొక్క విషయమునకు రెండేసి ప్రతులు, పాత ప్రశ్నపత్రములతో సహా, ఒక బీరువాలో వేరుగా నుంచవలెను. స్త్రీలకు మధ్యాహ్నము రెండునుండి నాలుగువరకు వేరుగా వేళ యేర్పరుపవలెను. ఆ వేళ వంటయు కాదు, నీళ్ళును కాదు. ఇంటర్మీడియట్, డిగ్రీ చదువుచున్న ఊరి యువతీ యువకులు వంతులవారీగా గణితము, ఇంగ్లీషు చెప్పవలెను. ప్రవేశపు ప్రకటన వెలువడిన దినముననే గడువు తేదీని, రుసుము మొత్తమును పెద్ద అక్షరములతో పలకపై వ్రాసి వాకిట పెట్టవలెను. గడువు తెలియక ఏడాది పోగొట్టుకొనువారే యెక్కువ.

ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయునితో మాటాడి, ఆదివారము ప్రయోగశాలను రెండు గంటలు తెరపించుట ఇంకొక పని. ఇంట కూర్చుండి ఆమ్లము, క్షారము అని వల్లించినవారు లిట్మసు కాగితము ఎఱ్ఱబారుటను ఒకమారైన కంటితో చూడవలదా? గాజుసామాను పగిలినచో ఎవరు ఇచ్చుకొందురు, దీపపు ఖర్చు ఎవరిది, ఉపాధ్యాయునికి దారిబత్తెము ఎట్లు అను ప్రశ్నలు తప్పక వచ్చును. చందాదారుల సంఘము ఆ స్వల్పవ్యయమును భరించుట కష్టము కాదు. బడి తాళపుచెవి ఆదివారము ఎవరియొద్ద ఉండవలెనన్నది మాత్రము ముందుగానే తేల్చుకొనవలెను. బడి నౌకరు పొరుగూరివాడైనచో ఆ దినమున రాడు. ప్రధానోపాధ్యాయుడు సమ్మతించి వ్రాసి యిచ్చినచో, రెండవ తాళపుచెవి గ్రంథపాలకుని సొరుగులో నుండవచ్చును. తీసికొన్న వేళయు, తిరిగి ఇచ్చిన వేళయు పుస్తకముల పద్దు వ్రాయు చిట్టాలోనే వ్రాయవచ్చును.